అక్క కుక్క ఇంటికొచ్చాక

అక్క కర్మ అయిన మరుసటి వారం బావ ఒక సామాన్ల ఆటోలో అక్క కుక్కను తెచ్చి మా వాకిట్లో దింపాడు. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి పక్కన ఉన్న మా ఊరి దాకా అది దారంతా నిలబడే వచ్చిందట. బావ కాఫీ కూడా తాగలేదు. "ఆమెతో వచ్చింది కదత్తా, ఆమె పుట్టింటికే రావాల," అని అమ్మతో చెప్పి అదే ఆటోలో వెళ్ళిపోయాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కన్ని అనే వేటకుక్కల జాతి మా తమిళనాడు వైపుది. నల్లటి ఒళ్ళు, సన్నటి నడుము, కళ్ళ మీద గోధుమరంగు బొట్లు. ఇక్కడి మా తెలుగువాళ్ళు ఆ కుక్కపిల్లను అమ్మరు, పెళ్ళికూతురితో అత్తారింటికి పంపుతారు. అక్క పెళ్ళినాడు మా ఇంటి కుక్క ఈనిన పిల్లల్లో ఒకదాని మెడకు పసుపుతాడు కట్టి ఆమె ఒళ్ళో పెట్టాము. ఇప్పుడు అక్క లేదు. ఆ పిల్ల పెరిగి పెద్దదై తిరిగొచ్చింది. దాన్ని కన్న ముసలిది మా అరుగు మీద పడుకుని ఉంది.

"తల్లీబిడ్డలు కదా, వాసన పడితే తెలుసుకుంటాయిలే," అన్నాడు నాయన. మనుషులకే గుర్తుండని సంగతులు కుక్కలకు గుర్తుంటాయని ఎందుకు నమ్ముతామో నాకు తెలియదు. మొదటి రోజు అవి ఒకదాన్నొకటి వాసన చూసుకుని చెరో మూలకు పోయాయి. నాయన చూశావా అన్నట్టు నా వైపు చూశాడు.

ఆ రోజుల్లో నాకు ఏదీ పెద్దగా తెలిసేది కాదు. వేరుశనగ మిఠాయి చేసే చోట ప్యాకింగ్ చూసుకునే ఉద్యోగం నాది. పొద్దున బస్సెక్కేదాన్ని, సాయంత్రం దిగేదాన్ని. పాకం వాసన కూడా ముక్కుకు తగలడం మానేసింది. సొంత అక్క పోతే ఒక్క కన్నీటి చుక్క లేదని బంధువుల్లో ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఏడుపు రాకపోతే నన్నేం చేయమంటారు? ఉల్లిపాయలు తరుక్కుని వచ్చి కూర్చోమంటారా?

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళయి వెళ్ళిన ఆడబిడ్డ పుట్టింటికి వస్తే మొదటి వడ్డన ఆమెకే. ఇంటి పెద్దయినా తర్వాతే తినాలి. అక్క వచ్చినప్పుడల్లా నాయన ఖాళీ కంచం ముందు కూర్చుని ఎగతాళి చేసేవాడు. "రాణమ్మ తినినాక నాకేమన్నా మిగిలితే పెట్టుమే," అనేవాడు. అమ్మ పట్టించుకునేది కాదు.

అదే పద్ధతిని అమ్మ కుక్కకూ పెట్టింది. పొద్దున సజ్జగంజి కాచి, పెరుగు కలిపి, అక్క కుక్కను అరుగు మీదికి పిలిచి దానికి ముందు పెట్టేది. ఎన్నో ఏళ్ళుగా ఆ అరుగు, ఆ మొదటి గిన్నె ముసలిదానివి. అది కింద వాకిట్లో నిలబడి చూసేది. కొన్నాళ్ళు చూసింది.

కొట్లాడే కుక్క ముందు మొరుగుతుందని అనుకునేదాన్ని. ఇవి మొరగలేదు. ముసలిది కట్టెలా బిగుసుకుపోయి, రెప్పవేయకుండా చిన్నదాని మెడవైపే చూసింది. ఆ తర్వాత అరుగు మీద గిన్నె దొర్లిన చప్పుడు, దాని వెనకే గోళ్ళ చప్పుడు. నాయన తొట్టిలో నీళ్ళు బకెట్‌తో ఎత్తి రెండింటి మీదా కుమ్మరించాడు. విడిపోయాయి. చిన్నదానికి చెవి చీలింది. రెండోసారి నేను పని నుంచి వచ్చేటప్పుడు జరిగింది. రెండూ నా కోసమే ఇరుకు గేటు దగ్గరికి ఒకేసారి పరుగెత్తుకొచ్చాయి. నా కాళ్ళ మధ్యే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నేను చేతిసంచీ పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. భయం కూడా వేయలేదు. అది చూసి నాయన నన్ను తిట్టాడు.

కోవిల్‌పట్టి పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చెవికి కుట్లు వేస్తూ, ఇంట్లో జరిగేదంతా అడిగి తెలుసుకుంది. తమిళంలో తాపీగా చెప్పింది. రెండింటికీ వేరువేరు చోట్ల, మధ్యలో తలుపు వేసి తిండి పెట్టండి. పాతదానికి ముందు పెట్టండి, దాని చోటు దానికే ఉంచండి. గేటు దగ్గర, గుమ్మంలో, మనుషులు వచ్చే వేళ రెండూ కలవకుండా చూడండి. ఒకటి బిగుసుకుని చూస్తుంటే అప్పుడే పిలిచి పక్కకు తీసుకుపొండి, పట్టుకున్నాక ఆపడం కష్టం. పట్టుకుంటే మధ్యలో చెయ్యి పెట్టొద్దు. దుప్పటి కప్పండి, లేదా ఇద్దరు మనుషులు చెరోదాని వెనక కాళ్ళు పట్టుకుని ఒకేసారి వెనక్కి లాగండి.

ఇవన్నీ నేను చేశాను. గేటు లోపల అడ్డంగా ఒక పాత తలుపు కట్టించాను. ఒకటి ఇంట్లో ఉంటే ఇంకొకటి పెరటి రేకుల షెడ్డులో. మధ్యాహ్నానికి నాయన మార్చాలి. సాయంత్రం నాయన ముసలిదాన్ని, నేను చిన్నదాన్ని పట్టుకుని రోడ్డుకు చెరో వైపు నడిచేవాళ్ళం. పక్క చేలో మిరపకాయలు కోసేవాళ్ళు మమ్మల్ని చూసి, తండ్రీకూతుళ్ళకు మాటల్లేవా ఏందని నవ్వేవాళ్ళు. రోజురోజుకీ మధ్యలో దూరం కొంచెం తగ్గించాము. ఈ పని నాకు బాగా కుదిరింది. గొళ్ళెం పడిందా, ఏది లోపల, ఏది బయట, ఇంతే. దీనికి గుండె అక్కర్లేదు, చేతులు చాలు.

కానీ నేను బస్సెక్కగానే అమ్మ తలుపులు తీసేసేది.

"తలుపేసి కూడు పెట్టేదానికి అది దొంగనా?" అనేది. "ఆడబిడ్డ ఇంటికొస్తే మూలన కూర్చోబెట్టి పెడతామా? ఊరు నవ్వదా?"

"అది అక్క కాదుమా, కుక్క," అన్నాను ఒకరోజు విసుగొచ్చి.

"నాకు తెలీదా?" అంది అమ్మ. అని, గిన్నె తీసుకుని అరుగు మీదికే పోయింది.

మూడోసారి అమ్మ చెయ్యి మధ్యలో పెట్టింది. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి మోచేతి దాకా కట్టు కట్టి సూది వేసి కూర్చోబెట్టారు. ఏ కుక్క కరిచిందని నర్సు అడిగితే, చూడలేదని చెప్పింది. ఎంత అడిగినా అదే మాట. నాయన బయటికి పోయి బావకు ఫోన్ చేశాడు. ఒకటి పోవాల్సిందే అన్నాడు. వత్రాప్ దగ్గర ఒక కొబ్బరితోపులో బావకు తెలిసినవాళ్ళున్నారట, వాళ్ళకు వేరే కుక్క లేదట. వచ్చే ఆదివారం బండి తెచ్చి అక్క కుక్కను తీసుకుపోతానని బావ చెప్పాడు.

అమ్మ ఆ రాత్రి తినలేదు. "నా బిడ్డను ఇంగొగసారి పంపేదానికి నాతో కాదు," అంది, గోడవైపు తిరిగి. అరవలేదు, ఏడవలేదు. అమ్మ అరిచే మనిషి. ఆ నెమ్మది గొంతు విని నాయన లేచి బయటికి పోయాడు. ఆ కుక్కను పంపితే అమ్మ మాకు మిగలదని నాకు అప్పుడు తెలిసింది. తెలిసింది అంతే. భయమో బాధో రావలసిన చోట ఏమీ రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి విరుదునగర్ బస్సెక్కాను. ఆ ఇంట్లో ఆ కుక్క ఎవరితోనూ తగాదా పడలేదని బావ చెప్పేవాడు. అక్కడ దాన్ని ఎట్లా ఉంచేవాళ్ళో చూడాలనిపించింది. బావ పప్పుమిల్లుకు వెళ్ళాడు. అక్క అత్తగారు ఒక్కతే చాటలో కందిపప్పు చెరుగుతూ ఉంది. అక్క దానికి తిండి ఎట్లా పెట్టేదని అడిగాను.

"దానితో ఒక తొందరా ఇబ్బందీ లేదు పాపా," అందామె సంతోషంగానే. "అందరూ తినినాక కదా మీ అక్క తినేది. ఆమె తినినాక దానికి. అంతదాకా వెనక వాకిలి కాడ గడ్డం నేలకానించి పండుకోనుంటుంది. సద్దే చెయ్యదు. మంచి జీవం."

ఆమె మంచిదే. అక్కను ఒక్క మాట అనేది కాదని అక్కే చెప్పేది. తనూ కోడలిగా వచ్చినప్పుడు అట్లాగే తినింటుంది. లేచి వెనక వాకిలి చూశాను. ఒక మెట్టు, పక్కన అంట్లు తోమే గచ్చు. నాకు ఏమీ అనిపించలేదు. ఏమైనా అనిపించాలి కదా అని మాత్రం అనిపించింది. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మకు కుక్క సంగతి ఒక్కటే చెప్పాను. అక్కడ అది అందరి తర్వాతే తినేదట, దానికి ఆ అలవాటు ఉంది, ముసలిదానికి ముందు పెట్టి చూద్దాం అన్నాను. డాక్టరమ్మ చెప్పిందీ అదే కదా అన్నాను. అక్క సంగతి ఎత్తలేదు.

"ఆడ ఆఖర్న తినిండాదా?" అంది అమ్మ. "అయితే ఈడ ముందే పెట్టాల." మాట అయిపోయింది.

ఆదివారం పొద్దున్నే బావ బండితో వచ్చాడు. నాయన ఆయనకు కుర్చీ వేశాడు, ఆయన కూర్చోలేదు. నేను దుప్పటి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. చిన్నది నా కాళ్ళ దగ్గర, ముసలిది వాకిట్లో. అమ్మ కట్టు లేని చేత్తో గంజి గిన్నె పట్టుకుని వచ్చింది. అరుగు మీద పెట్టింది. పెట్టి, ముసలిదాన్ని పిలిచింది.

ముసలిది వెంటనే రాలేదు. ఆ పిలుపు తనదో కాదో తెలియక నిలబడింది. అమ్మ మళ్ళీ పిలిచింది. అప్పుడు ఎక్కి, చిన్నదాని వైపు ఒకసారి చూసి, తల వంచి తినడం మొదలుపెట్టింది.

"వచ్చి పోయే ఆడబిడ్డకు కదా ముందు పెట్టేది," అంది అమ్మ, మాలో ఎవరి వైపూ చూడకుండా. "చిన్నదానికి ఇంగ పోయేదానికి ఇల్లు లేదు. ఇది ఈడిదే."

నేను దుప్పటి బిగించి పట్టుకుని చిన్నదాన్నే చూస్తున్నాను. అది బిగుసుకోలేదు. గిన్నె వైపు చూడను కూడా లేదు. నెమ్మదిగా గుమ్మంలో పడుకుని, గడ్డం నేలకు ఆనించి, కళ్ళు సగం మూసుకుంది. ముసలిది తింటున్నంతసేపూ కదల్లేదు. ముసలిదాని వీపు కొంచెం కొంచెంగా వదులైంది.

అమ్మ కూడా చిన్నదాన్నే చూస్తూ ఉంది. చాలాసేపు చూసింది.

"ఎట్ల కాచుకోనుండాదో చూడు," అంది నాతో. "నా బిడ్డ కూడా ఆడ ఇట్లనే కాచుకోనుండేనా?"

లేదమ్మా అని చెప్పేదానికి నేను నోరు తెరిచాను.

"అవునత్తా," అన్నాడు బావ.

అన్ని వారాల్లో మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద కోపమో తెలియలేదు. బావ మీద కాదు, నిజం చెప్పింది ఆయన ఒక్కడే. అమ్మ ఆయన వైపు తల ఎత్తలేదు.

"మీరు పోయి రాండయ్యా," అంది. "అది ఈడనే ఉండనీ."

బావ ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. ముసలిది గిన్నె నాకడం ముగించి అరుగు దిగేదాకా నేను ఆగాను. దాన్ని పెరట్లోకి పంపి, తలుపు గొళ్ళెం వేసి, లోపలికి పోయి మిగిలిన గంజి తెచ్చాను. చిన్నది అప్పటికీ లేవలేదు. గిన్నె దాని ముక్కు ముందు పెట్టి, ఇంగ తిను, అందరూ తినేశారు అని చెప్పాల్సి వచ్చింది.