చేతులు తుడిచిన తెర

రెండువేల పదహారు జూన్ పద్దెనిమిది, శనివారం. చిత్తూరు మీద మబ్బు కమ్మి ఉంది కాని చినుకు లేదు. ఒళ్ళంతా జిడ్డు కారే ఉక్కపోత. నగరి మరమగ్గాల కార్మికురాలు ఉదయలక్ష్మి తొమ్మిదేళ్ళ కూతురు కుముదను వెంటబెట్టుకొని మామిడి ప్రదర్శనకు వచ్చింది.

కుముదకు మామిడిపండ్లంటే ప్రాణం. హోరు మాత్రం పడదు. మైకు మోగితే చెవులు మూసుకొని నేలమీద చతికిలబడుతుంది. గత రెండేళ్ళూ ద్వారం దగ్గరి నుంచే వెనుదిరిగారు. ఈసారి ఉదయలక్ష్మి అర్జీల మీద అర్జీలు పెట్టి, అటువంటి పిల్లలు సేదదీరడానికి ఒక నిశ్శబ్దపు గుడారం వేయించింది. తాను పనిచేసే మగ్గాల షెడ్డులో మిగిలిన దళసరి గుడ్డను మడతలు వేసి, తెరలు తానే కుట్టి కట్టింది. మరమగ్గాల మధ్య బతికేవారికి తెలిసినంతగా నిశ్శబ్దం విలువ మరొకరికి తెలియదు. ఆ మోతలో మాట వినపడదు గనుక నూలు తెగిందన్నా, ఆకలవుతోందన్నా వారు వేళ్ళతోనే చెప్పుకుంటారు. తల్లీకూతుళ్ళ భాషా అదే.

గుడారం తెర తొలగించగానే సాంబారు వాసన గుప్పుమంది. లోపల అతిథులు విస్తళ్ళ ముందు బాసింపట్లు వేసుకొని కూర్చున్నారు. నడిమి గుంజకు లౌడ్‌స్పీకరు. ఒక పెద్దమనిషి ఎంగిలి చేతిని ఆమె కుట్టిన తెరకు తాపీగా తుడిచి త్రేన్చాడు.

"ఈడ మైకేంది సార్?" అని ఉదయలక్ష్మి అక్కడే ఉన్న ప్రదర్శన కార్యదర్శి సుందరరాజును నిలదీసింది.

"నిశ్శబ్దంగా ఉండండని సెప్పొద్దామ్మా? మైకు లేకుంటే ఎవురికి ఇనపడతాది?"

"తిండి గూడా ఈడేనా?"

"సల్లగా ఉండాదని కూర్సున్నారు. మీ పాప ఒక్కతే గదా, ఆ పక్కన నిలబడుకోమను."

అంతలో మైకు గర్జించింది. కుముద చెవులు మూసుకొని ఎంగిలి విస్తరి పక్కనే కూలబడింది.

ఉదయలక్ష్మి నడుమున దోపుకున్న నూలు కత్తెర తీసి, స్పీకరు తీగను తెగ్గోసింది.

"ఏం పనిమ్మే అది!" అని సుందరరాజు కేకలు వేస్తున్నా, ఎంగిలి అంటని తెర ఒకటి విప్పి ఇద్దరి తలలమీదుగా కప్పి, పోదామా అని కూతురిని వేళ్ళతో అడిగింది.

పండ్లు, అన్నాయి కుముద వేళ్ళు.

ఆ తెర కిందనే ఇద్దరూ మల్గోవా, ఇమాంపసందు, బేనీషా వరసలన్నీ తిరిగారు. కుముద ఒక్కొక్క పండునూ వాసన చూసింది.

ఎనిమిదేళ్ళ తరువాత నిర్వాహకులు పంపిన ఆహ్వానానికి ఉదయలక్ష్మి రాసిన జాబు ఇది:

"కార్యదర్శి గారికి. ప్రశాంత గుడారానికి రిబ్బను కత్తిరించమని పిలిచినారు. మేళాలు, టపాకాయలు ఉంటాయని గూడా రాసినారు. నేను రాను. నా కత్తెర సంగతి మీకు తెలుసు. మేళం ఆగినాక కుముద వస్తాది, పండ్లు చూసుకుంటాది. కొత్త తెరలు పంపుతా ఉండాను. చేతులు తుడుచుకునేదానికి వేరే గుడ్డ పెట్టుకోండి."