లిఫ్టన్న

ఆ ఆఫీసు గుమ్మానికి నాలుగే మెట్లు. చక్రాల కుర్చీలో ఎవరొచ్చినా వాచ్‌మన్ పరుగున దిగేవాడు. "గట్టిగా పట్టుకోండమ్మా" అంటూ కుర్చీని వెనక్కి వాల్చి, ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ పైకి లాగేవాడు. ఆఫీసులో అందరికీ అతను లిఫ్టన్న. ఆ పిలుపుకు పొంగిపోయేవాడు. ఇంటికెళ్లాక మాత్రం నడుం పట్టేసేది. భార్య కాపడం పెడుతూ తిడుతుంటే నవ్వేసేవాడు.

ఒకరోజు పెద్దసారు సంతకం కోసం వచ్చిన టీచరమ్మ, అతను కుర్చీ పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దన్నా. ఇక్కడ ర్యాంపు కట్టమని మూడు అర్జీలు పెట్టాను. జవాబేం రాశారో తెలుసా? పైకి చేర్చడానికి మనిషి ఉన్నాడు, ర్యాంపు అక్కర్లేదట."

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. తన మంచితనమే ఆవిడ దారికి అడ్డుపడిందా? తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్లాడు.

"టీచరమ్మ కింద ఉన్నారు సార్. మీరే దిగి రావాలి."

"నువ్వెందుకున్నావు మరి?"

"నేనిక లాగను సార్."

"అయితే ఆవిణ్ణి అక్కడే ఉండమను" అని ఆయన ఫైల్లోకి తల దించేశాడు.

బయట ఎండ మండుతోంది. ఆవిడ ఆశగా చూసింది. అతను కింది మెట్టు మీద చతికిలబడ్డాడు. కుర్చీ వైపు పోబోతున్న చేతుల్ని మోకాళ్ల మధ్య నొక్కిపెట్టుకున్నాడు.