ఏడుగురు పెద్దలకు నేను నేర్పిన ఓటు

ఆ రోజుల్లో మనిషి బుద్ధిని మించిన దేవుడు లేడని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతాను, కాకపోతే ఆ బుద్ధి నా ఒక్కడికే ఉందని కూడా అప్పుడు నమ్మేవాణ్ణి. సంస్కరణ సభల్లో వాదించి గొంతు పోగొట్టుకుని, వేరే ఉద్యోగం దొరక్క, ఇరవై రెండో ఏట పాడేరు పైనున్న ఓ కొండ ఊరికి మిషను బడి మేస్టరుగా వెళ్లాను. (ప్రార్థనలో కళ్లు మూసుకోనన్నాను. అయితే తెరిచిన కళ్లతో పిల్లల్ని చూసుకోమన్నాడు మిషను నడిపే దొర.) ఆ దొరే నాకింకో పని అంటగట్టాడు: చర్చి పెద్దలు ఏడుగురికీ కలిసి నిర్ణయాలు చెయ్యడం నేర్పాలి.

మొదటి విషయం కొత్త బడి. ఊరి మధ్య పారే గెడ్డకు ఇవతల కట్టాలా, అవతలా? వానలు పడి గెడ్డ పొంగితే బడి లేని వైపు పిల్లలకు నాలుగు నెలలు చదువుండదు. వానలకు మూడు వారాలే ఉంది. మెజారిటీ అంటే ఏమిటో పూటంతా చెప్పి చేతులెత్తించాను. ఇవతలకి నలుగురు, అవతలకి ముగ్గురు. తీర్మానం రాసేసి, రేపు వెదుళ్లు నరకమన్నాను. మర్నాడు ఒక్కడూ రాలేదు. అందరిలోకీ ముసలివాడైన పెద్దయ్య అరుగు మీద తీరిగ్గా చుట్ట కాలుస్తున్నాడు. నలుగురు ఒప్పుకున్నారు కదా అని నిలదీశాను.

"మరి ఆ ముగ్గురి మాటేటి మేస్టరూ? ఆళ్లు ఓడిపోయి ఇళ్లకెళ్లిపోనారు. ఓడిపోయినోడు దూలం ఎలగ మోత్తాడు?"

మళ్లీ ఓటు పెట్టాను. ఎవరి మనసూ నొప్పించకూడదని ఏడుగురూ ఇవతలకీ చెయ్యెత్తారు, అవతలకీ చెయ్యెత్తారు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మీ ఏడుపేదో మీరే ఏడవండని లేచిపోయాను. రెండు రోజులు కూర్చుని వాళ్లే తేల్చారు: బడి ఇవతలే, వానాకాలం మాత్రం మేస్టరు అవతల పశువుల పాక పక్కన కాపురముండి అక్కడి పిల్లలకు చెప్పాలి, ఇవతలి వాళ్లకు చర్చి పాస్టరు గారు చెబుతారు.

నేను చచ్చినా ఒప్పుకోనన్నాను. వాళ్లు ఏడుగురు, నేనొక్కణ్ణి. నేను నేర్పిన ఓటే పెట్టి ఉంటే నిమిషంలో నా పని అయిపోయేది. ఎవ్వరూ చెయ్యెత్తలేదు. "నువ్వూ ఒప్పుకోవాల గదేటి. తొందర నేదు, కూకుంటాం" అన్నాడు పెద్దయ్య. నిజంగానే కూర్చున్నారు. అంబలి తెప్పించి ముందు నాకే పోశారు. పొద్దు వాలేదాకా వాదించాను. శ్రద్ధగా విన్నారు, తలలూపారు, కదల్లేదు. (అంత మంచి సభ నాకు మళ్లీ దొరకలేదు.) చివరికి సరేనన్నాను. తెల్లారేసరికి ఏడుగురూ దూలాలు మోసుకొచ్చారు. అందరికన్నా ముందు ఆ ముగ్గురు.

ఆ వానాకాలమంతా జలగలతో, చలిజ్వరంతో, పదకొండు మంది పిల్లలతో గడిచింది. తర్వాత ఎన్నో సభల్లో ఎన్నో తీర్మానాలు నెగ్గించాను. నెగ్గి బయటికొస్తుంటే, నెగ్గనివాళ్లు చెప్పులు వెతుక్కుంటూ కనిపిస్తారు. అప్పుడు నాకు నేనే చెప్పుకోవాలనిపిస్తుంది, ఇంకాసేపు కూర్చోలేకపోయావా మేస్టరూ అని.