చిన్నమ్మ తెచ్చిన బోండాలు

మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు హన్మకొండలో డయాలసిస్. రోజుకు అర లీటరు నీళ్లు దాటకూడదన్నాడు డాక్టరు. ఆ అర లీటరు కొలిచి పోసే పాడు పని నాది. మే నెల ఎండలకు వాడి నాలుక పిడచకట్టుకుపోయేది. "ఒక్క గుక్కక్కా" అని వాడు బతిమాలుతుంటే మొహం తిప్పుకునేదాన్ని. ఏం చేయను? నా ప్రాణం మాత్రం ఉసూరుమనదా?

మా దగ్గర రోగిని చూడబోయేవాళ్లు చేతులూపుకుంటూ పోరు, కొబ్బరిబోండాలు పట్టుకుపోతారు. కిడ్నీలు పోయినవాడికి అవి విషమని, గుండె ఆగిపోతుందని ఎంత మొత్తుకున్నా ఎవరి తలకెక్కుతుంది! వర్ధన్నపేట నుంచి చిన్నమ్మ బస్సులో మూడు బోండాలు మోసుకొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"వాణ్ని సంపుదామని వచ్చినవా చిన్నమ్మా?"

"అయ్యో బిడ్డా, నాకేమెరుక? జర సల్లగుంటదని తెచ్చిన" అని కొంగుతో కళ్లొత్తుకుంది. బోండాలు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

తమ్ముడు గోడవైపు తిరిగి, "చిన్నమ్మకు నేనంటే పాణం. నీకే జాలి లేదక్కా" అన్నాడు.

మూడు రోజులు ఆ మాటే చెవిలో మోగింది. రాత్రింబవళ్లు చాకిరీ నాది, మంచిపేరు ఆమెకా! నాలుగోరోజు మధ్యాహ్నం వాడు మళ్లీ ఏడ్చాడు. కత్తి తీసుకుని ఒక బోండం కొట్టి, చెంబులో పోసి ఇచ్చాను. జాలితోనే ఇస్తున్నాననుకున్నాను. అబద్ధం. చిన్నమ్మను చూసినట్టు వాడు నన్ను ఒక్కసారి చూడాలని ఇచ్చాను. చూశాడు. "మా అక్క బంగారం" అన్నాడు. రెండోది కూడా కొట్టాను.

సాయంత్రానికి వాడికి ఊపిరాడలేదు. దవాఖానకు తీసుకుపోయాం. కబురు విని చిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. డాక్టరు బయటికొచ్చి, "కొబ్బరినీళ్లు తాగానంటున్నాడు, ఎవరిచ్చారు?" అని అరిచాడు. నేను గోడవైపు జరిగాను. చిన్నమ్మ నా మొహం చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"నేనే ఇచ్చిన సారూ. ఎరుకలేక ఇచ్చిన."

డాక్టరు అందరి ముందూ ఆమెను కడిగేశాడు. ఆమె తలవంచుకుని నిలబడింది. నేను గోడకానుకుని చూస్తూ ఉండిపోయాను. తెల్లారేసరికి తమ్ముడు పోయాడు.

దినాలకు వస్తే చిన్నమ్మను మావాళ్లు గడప తొక్కనియ్యలేదు. "పిల్లగాణ్ని పొట్టన పెట్టుకున్నది" అని తిట్టారు. ఆమె వాకిట్లోనే కూర్చుని ఏడ్చి వెళ్లిపోయింది.

ఆమె మీద నాకెంత కోపమో! ఇంత దయ చూపమని ఆమెనెవరడిగారు? అప్పుడే నన్ను పట్టిస్తే ఆ తిట్లేవో నేనే తినేదాన్ని కదా. నిజం అందరికీ చెప్పేస్తానని ఆమెతో అనడానికి రెండుసార్లు వర్ధన్నపేట బస్సెక్కాను. రెండుసార్లూ నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తిని తిరిగొచ్చాను.