వెండి గద్ద తోక, నా పిన్నీసు

మా ఆయన ఉద్యోగాన్ని పిన్నీసు మొనతో గీకిపారేసినంత పని చేసిన ఘనత నాది. నవ్వడానికి తొందరపడకండి. పూర్తిగా వింటే మీకే జాలేస్తుంది, నా మీద కాదు, ఆయన మీద.

అప్పట్లో ఖతర్ అంతా ఫుట్‌బాల్ కప్పు కోసం తవ్వకాల్లో ఉంది. పొద్దున ఉన్న రోడ్డు సాయంత్రానికి ఉండదు. అల్ వక్రాలో మా కిటికీలోంచి కనిపించే కూరగాయల కొట్టుకు వెళ్ళాలంటే ఊరంతా ప్రదక్షిణ చేయాలి. కప్పు ఎవరు గెలుస్తారని లోకమంతా పందాలు కాస్తుంటే, మా బిల్డింగులో ఒకటే పందెం: కప్పయ్యాక ఏ కంపెనీ ఎవరిని ఇంటికి పంపిస్తుందని. మా ఆయన ఆఫీసులో అది తేల్చేది మేనేజరు. ఇంగ్లండు మనిషి. పాత నాణేలంటే పిచ్చి.

ఆ పిచ్చి గాలికి నాకూ అంటింది. బాబును జోకొడుతూ పాత అమెరికా వెండి డాలర్ల మీద ఒక వీడియో చూశాను. ఒకే ఏడాది అచ్చయిన డాలర్లలోనే కొన్నింటి మీద గద్ద తోకకు ఎనిమిది ఈకలట, కొన్నింటి మీద ఏడట. అంతే! బీఎస్సీ బోటనీ చదివిన నాకు పక్షిశాస్త్రం కూడా వచ్చేసింది. మా ఆయనకు పప్పన్నంతో పాటు రోజూ ఈకల పాఠమే.

ఒక గురువారం ఆయన జేబులోంచి చిన్న డబ్బా తీశాడు.

"మా మేనేజరు కొన్నడు. కండ్లు సరిగ కనవడ్తలేవట. మా మిసెస్ జూసి జెప్తది అన్న."

"అయ్యో, గట్లెందుకన్నరు?"

"దినాం నా చెవులల్ల ఈకలు వెడ్తివి గదా! శనివారం మేడంతోని చాయ్‌కి వస్తడు. మంచిగ జూడు. మన బతుకంత ఆ తోకలనే ఉన్నది."

తీరా చూస్తే నాణెం అట్ల పెనం అడుగులా ఉంది. ఈకలు కాదు కదా, గద్దే కనబడదు. భూతద్దం కోసం నేనిటు తిరిగానో లేదో, మా ఏడాదిన్నర వీరుడు డాలరును నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. నూట నలభై ఏళ్ళ మురికి! ఎన్ని చేతులు, ఎన్ని జేబులు, ఎన్ని రోగాలు! వాడి నోరు కడిగి, పాలసీసాలు మరిగించే గిన్నెలో డాలరును పడేశాను. క్రిములు చచ్చాయేమో గానీ నలుపు చావలేదు. నిజామాబాద్‌లోని మా అత్తగారికి ఫోన్ చేశాను.

"అత్తమ్మా, వెండి నలుపు దేనితోని పోతది?"

"విబూతి వెట్టి రుద్దు బిడ్డా. దుబాయ్‌ల విబూతి దొరుకుతదా?"

"ఇది ఖతర్ అత్తమ్మా."

"ఏదైతేంది? విబూతి ఉన్నదా లేదా?"

ఉంది. బాబు నుదుట పెట్టడానికి ఊరి నుంచి తెచ్చిన పొట్లం. పాత టూత్‌బ్రష్ పట్టి రుద్దాను చూడండీ, పున్నమి చంద్రుడు సిగ్గుపడాలి! గద్ద రెక్కలు విప్పింది. లెక్కపెట్టాను. ఏడు! కానీ ఆ ఏడింటి కింద సన్నగా ఏవో మొనల్లా అతుక్కుని ఉన్నాయి. విభూతి ఇరుక్కుందనుకున్నాను. గాజుకున్న పిన్నీసు తీసి, ఓపికగా, ప్రేమగా గీకి శుభ్రం చేశాను. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. వెండి గద్దకు పీకినదాన్ని నేనే.

శనివారం మేనేజరు భార్యతో వచ్చాడు. డబ్బా తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"నా నాణెం ఏది?"

"ఇదే సార్! కడిగాను. ఏడు ఈకలు, గ్యారంటీ!"

"కడిగారా?" అన్నాడు, 'చంపారా?' అన్నట్టు. "ఆ నలుపే కదమ్మా దాని వయసు!"

ఆపైన భూతద్దం తీసి తోక మీద వాలాడు.

"ఏడని నాకూ తెలుసు, అమ్మినవాడే చెప్పాడు. ఎనిమిది ఈకల అచ్చు మీదే ఏడు చెక్కిన రకం ఇది. కింద నుంచి పాత ఈకల మొనలు తొంగిచూడాలి. అవి ఎన్నో చెప్పమనే పంపాను. ఏవీ?"

అవి అప్పటికే మా సింకు గొట్టంలో సముద్రం దారి పట్టాయి. ఈ మూడో రకం సంగతి వీడియో రెండో భాగంలో ఉందట. మొదటి భాగానికే మావాడు లేచి ఏడుపందుకున్నాడు, ఏం చేయను?

మా ఆయన బీరువా మీది సూట్‌కేసును చూస్తూ గొణిగాడు. "సామాన్లు సదురుదమా?"

అప్పుడు మేడం నాణేన్ని అందుకుంది. అందులో ముఖం చూసుకుని జుట్టు సవరించుకుంది.

"దేనితో కడిగారిది? నా పెళ్ళినాటి టీ సెట్టు బొగ్గులా పడి ఉంది. నలుపు ముట్టుకుంటే విలువ పోతుందని ఈయన నన్ను తోమనివ్వడు!"

మేనేజరు టీ చివరి చుక్కదాకా తాగాడు. చక్కెర వేయడం నేను మరిచిపోయానని తర్వాత తెలిసింది.

మరుసటి వారం మా ఆయన పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చాడు. వెండి కెటిల్, రెండు జగ్గులు, డజను చెంచాలు.

"కప్పయినంక గూడ ఉండుమన్నరు," అన్నాడు, నమ్మలేనట్టు.

"మీ పని జూసేనా?"

"నా పని ఎవ్వడు జూసిండే! ఈళ్ళను పంపిస్తే నా చెంచాలు ఎవలు తోముతరని మేడం అడిగిందట!"

కనుక పాఠకులారా, ఈ డజను చెంచాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఈకలున్న దేని జోలికీ పోను. కోడిని కూడా కొట్టువాడు శుభ్రం చేసి ఇచ్చిందే తెస్తాను. ఒకటీ అరా ఈక మొన కనిపించిందా, ముట్టుకోను. అలాగే వండేస్తాను.