ఇంటి కింద క్రిస్మస్

గ్లెనిస్ ట్రాంటర్ నోటి వెంట ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

క్రిస్మస్‌కు ముందురోజు ఉదయం. ఆస్ట్రేలియాలోని ఇంగమ్ ఊళ్ళో రాత్రంతా గాలివాన. క్లబ్ పక్కనున్న చెట్టు విరిగి క్లబ్‌కు వెళ్ళే కరెంటు తీగల మీద పడింది. ఇళ్ళల్లో ఎవరూ లేనివాళ్ళంతా ప్రతి ఏడూ పండగనాడు ఆ క్లబ్‌లోనే కలిసి తింటారు. ఫ్రిజ్‌లన్నీ ఆగిపోయాయనీ, ఈసారికి భోజనం లేదనీ మేనేజరు బయటికొచ్చి చెప్పాడు. గొడుగుల కింద నిలబడ్డ పది పన్నెండుమంది ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"పోనీ, రేపు మా ఇంటికి రండి," అందో గొంతు. అది తనదేనని గ్లెనిస్‌కు కాస్త ఆలస్యంగా తెలిసింది.

క్లబ్‌లో బీరు పోసే లొరెల్ తెరిచిన నోరు మూయలేదు. "నీ ఇంటికా? ఇన్నేళ్ళ స్నేహంలో నీ గేటు దాటనిచ్చావటే నన్ను?"

అబద్ధం కాదు. గ్లెనిస్ స్కూలు బస్సు నడుపుతుంది. ఏ పిల్లాడు ఏ మలుపులో వాంతి చేసుకుంటాడో, ఎవడి నాన్న చెరుకు మిల్లులో ఏ షిఫ్టో ఆమెకు తెలుసు. బస్సు కిటికీలోంచి ఊరంతటితో మాట్లాడుతుంది. ఇంటికి మాత్రం ఎవర్నీ పిలవదు. జనం వస్తే మన చిరుగులే చూస్తారని అమ్మ చిన్నప్పట్నుంచీ చెవిలో పోసింది. ఆ అమ్మ పోయింది. గనుల్లో పనికని డార్విన్ వెళ్ళిన మొగుడు అటే ఉండిపోయాడు. అలవాటు మాత్రం ఉండిపోయింది.

ఇంటికెళ్ళగానే కంచాలు లెక్కపెట్టింది. అల్మారాలో నాలుగు కంచాలున్నాయి. నాలుగింటిలో ఒకటి బీటలు వారింది. రావొద్దని ఫోన్ చేసి చెబుదామనుకుంది. ఎవరి నంబరూ లేదు, లొరెల్‌ది తప్ప. ఆమెకే చేసింది.

"నేనైతే ఎవర్నీ రావొద్దని చెప్పను," అంది లొరెల్ ఖరాఖండీగా. "ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుంటారు. నువ్వు చోటు చూడు చాలు."

అక్కడి ఇళ్ళన్నీ పొడుగాటి స్తంభాల మీద ఉంటాయి. ఇంటి కింద సిమెంటు నేల. కారు బయటికి తీసి, ఆరేసిన బట్టలు లాగేసి, పైపుతో నేలంతా కడిగింది. పాత తలుపు చెక్కను రెండు పీపాల మీద పరిచి దుప్పటి కప్పితే బల్ల అయింది. దుకాణాలు మూసేలోగా పరిగెత్తి పంది మాంసం, రొయ్యలు, తెల్లసొన గిలక్కొట్టి చేసే మెరింగ్ కేకు తెచ్చింది. మామిడిపళ్ళు పెరట్లోనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం ఎవరూ రారని సగం నమ్మకంతో, సగం ఆశతో కూర్చుంది. ముందు లొరెల్ వచ్చింది. తర్వాత ఆసుపత్రిలో నర్సుగా చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి మారివిక్ పెద్ద పళ్ళెం నిండా సన్నటి నూడుల్స్‌తో దిగింది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఎవరి కుర్చీ వాళ్ళే మోసుకొస్తుంటే గ్లెనిస్ బల్ల చుట్టూ చోటు చేస్తూ పోయింది.

అందరికంటే ఆశ్చర్యం స్నోయీ రావడం. జుట్టంతా మంచులా తెల్లబడిందని ఊరు పెట్టిన పేరది. యంత్రాలు రాకముందు చేత్తో చెరుకు నరికిన మనిషి. క్లబ్‌లో మూల బల్ల దగ్గర పేపర్లో గుర్రప్పందేల పేజీ చూస్తూ కూర్చునేవాడు, నలుగురితో కలిసేవాడు కాదు. ఇప్పుడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, బట్ట కప్పిన పళ్ళెంతో గేటు దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి రావచ్చా, అమ్మాయ్?"

"మీకోసమేగా ఇదంతా," అంది గ్లెనిస్. ఆ మాటా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు.

పళ్ళెంలో బంగాళాదుంపలు వేసిన మందపాటి ఆమ్లెట్టు. ఆయన వంట చేస్తాడని అక్కడున్న ఒక్కరికీ తెలీదు. నిమిషాల్లో ఖాళీ అయింది. రెండు పక్కలా పట్టి లాగితే టప్పున పేలే కాగితపు గొట్టాల్లోంచి కిరీటాలు తీసి అందరూ తలమీద పెట్టుకున్నారు. స్నోయీ గొట్టంలో దొరికిన జోకు ఆయనే చదివాడు. తాబేలు పండక్కి ఎప్పుడూ సమయానికే వస్తుంది, ఎందుకు? కిందటేడు పండక్కే బయల్దేరింది గనక. చచ్చు జోకే. ఆయన మాత్రం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆయన్ని చూసి అందరూ నవ్వారు.

భోజనాలయ్యాక మళ్ళీ వాన పట్టుకుంది. కొందరు పేకాటలో పడ్డారు. స్నోయీ ఫ్యాను పక్కన పేముకుర్చీలో కునుకు తీస్తున్నాడు. గ్లెనిస్ టీ తీసుకెళ్ళి పిలిచింది. పలకలేదు. భుజం తట్టింది. తల పక్కకి వాలింది.

మారివిక్ పేకముక్కలు బల్ల మీద పెట్టి వచ్చి, మెడ దగ్గర వేళ్ళు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత గ్లెనిస్ వైపు చూసి నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

ఎవరో రేడియో ఆపేశారు. లొరెల్ తలమీది కిరీటం తీసేసింది. గ్లెనిస్ చేతిలో టీ కప్పు అలాగే ఉంది. రొయ్యలు పాడైపోయాయా? ఎండలో మెట్లు ఎక్కించానా? మెట్లెక్కలేదే, కిందేగా కూర్చున్నాం. పిలవకపోతే బతికుండేవాడా? ఆమె బుర్రలో ఇవే తిరిగాయి. ఆయన గుండె ఎప్పట్నుంచో బాగాలేదని డాక్టరు తర్వాత చెప్పాడుగానీ, ఆ పూట ఆమెకు ఎవరూ చెప్పలేకపోయారు.

అంబులెన్సు వెంట పోలీసు కుర్రాడు కూడా వచ్చాడు. చనిపోయినాయన పేరు అడిగాడు.

"స్నోయీ," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"అసలు పేరు?"

ఎవరికీ తెలీదు. ఏళ్ళ తరబడి ఒకే గదిలో తిన్న మనుషులు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడానిక్కూడా సిగ్గుపడ్డారు. జేబులోని కార్డు తీసి పోలీసే చదివాడు. ఫెర్మీన్ ఎచెవెరియా. లొరెల్ ఆ పేరును రెండుసార్లు లోలోపల పలికి చూసుకుంది.

"మీరు ఆయనకేమవుతారు?" అని అడిగాడు గ్లెనిస్‌ని.

"ఏమీ కాను. మా ఇంటికి భోజనానికి వచ్చారు."

ఆయన్ని తీసుకెళ్ళేదాకా ఒక్కరూ కదల్లేదు. తర్వాత కూడా వెళ్ళబుద్ధి కాక, గిన్నెలన్నీ కడిగి, తుడిచి, ఎవరివో తెలీకపోయినా బోర్లించి పెట్టారు.

మూడ్రోజులకి, దేశానికి ఆ చివరనున్న పెర్త్ నుంచి ఫోన్. ఆయన కూతురు మిరెన్. పోలీసులు నంబరిచ్చారట. చాలా ఏళ్ళుగా తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవట. ఎందుకో ఆమె చెప్పలేదు, గ్లెనిస్ అడగలేదు.

"నాన్న ఒకరింటికి వెళ్ళాడా?" అంది మిరెన్, నమ్మలేనట్టు. "మా అమ్మ పోయాక ఎవరింటి గుమ్మమూ తొక్కడం మానేశాడు. ఒంటరిగా ఉన్నాడా, చివర్లో?"

"లేదమ్మా. పక్కన జనం పేకాడుతున్నారు. అంతకుముందు బాగా నవ్వారు."

"నాన్న నవ్వితే ఎలా ఉంటుందో నాకు గుర్తులేదండీ," అంది మిరెన్.

అంత్యక్రియలకు ఆమె వచ్చేసరికి పండగ సెలవులు, హోటళ్ళు నిండిపోయాయి. గ్లెనిస్ వెనకగది ఖాళీ చేసి పక్క వేసింది. తన అమ్మ పోయి, మొగుడు వెళ్ళాక ఆ ఇంట్లో మరో మనిషి నిద్రపోవడం అదే మొదలు. పొద్దున్నే ఇద్దరూ మెట్ల మీద కాఫీ తాగుతూ, స్తంభాల మధ్య ఆ సిమెంటు నేలని చూస్తూ కూర్చునేవాళ్ళు. ఓ వాన పొద్దున, నాన్న కూర్చున్నది ఏ కుర్చీలో అని మిరెన్ అడిగితే గ్లెనిస్ చూపించింది. మిరెన్ వెళ్ళి అందులో కూర్చుని, వర్షం వెలిసేదాకా లేవలేదు.