మా నల్లా నీళ్ల కంపును నేనే పట్టాను

మొన్నటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం, మా గేటు ముందు ఆటో ఆపిన డ్రైవరు కుండలో గ్లాసు ముంచుకుని, ఒక్క గుక్క నోట్లో పోసుకుని తుపుక్కున రోడ్డు మీద ఉమ్మేశాడు. "ఏంది పెద్దమ్మా, నీళ్లు గింత కంపు కొడుతున్నయి?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. వరండాలో కూర్చున్న మా అత్తమ్మ ముఖం మాడిపోయింది.

గద్వాల బస్టాండు నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో ఉంటుంది మా ఇల్లు. అత్తమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది నుంచి ప్రతి ఎండాకాలం గేటు ముందు మూడు కుండలు పెడుతోంది. ఇప్పుడు ఆమెకు డెబ్బై దాటాయి. మోకాళ్లు మొరాయించినా కుండలు కడగడం మానలేదు. బస్సు దిగినవాళ్లు, చీరల బేరానికి వచ్చినవాళ్లు, నూలు మూటలు మోసేవాళ్లు ఆ నీళ్లు తాగి "సల్లగుండు తల్లీ" అంటే చాలు, ఆ పూట ఆమెకు అన్నం కూడా అక్కర్లేదు.

ఆ రోజు ఆమె లేచి మూడు కుండలూ ఒంపేసి బోర్లించింది.

"దూపైనోనికి కంపు నీళ్లు పోసుడు పాపం. నీళ్లు బాగైతే పెడ్త. లేకుంటే ఇగ కుండలతోని నాకు పని లేదు," అంది.

ఆ వయసులో ఒకసారి ఆపిన పని మళ్లీ మొదలుపెట్టడం జరగదు. కుండల కోసమే ఆమె పొద్దున్నే లేస్తుంది, నాలుగడుగులు నడుస్తుంది, నలుగురితో మాట్లాడుతుంది. అవి పోతే మంచానికి అంటుకుపోతుందని నాకు బాగా తెలుసు.

మా ఆయనకు చీరల దుకాణం ఉంది. సాయంత్రం వచ్చి విషయం విని, "క్యాన్ల నీళ్లు తెప్పిస్త, అవ్వే కుండలల్ల పొయ్యి," అన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "మనింట్ల తాగే నీళ్లే మందికి పొయ్యాలె. కొన్న నీళ్లు పోస్తే పుణ్యం క్యాన్లోనికి పోతది," అంది. అయితే బోరు అడుగంటిందనీ, ఇంకోటి వేయించాల్సిందేననీ ఆయన తీర్పు చెప్పేశాడు. వనపర్తిలో ఉండే మా మరిది ఫోనులోనే, పైపులన్నీ కుళ్లిపోయాయి, తవ్వి తీసెయ్యమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ముక్కు పెట్టి చూసినోళ్లు ఒక్కరు లేరు గని సలహాలు మాత్రం దండిగున్నయి. బోరు ముచ్చట జర ఆపుండ్రి. నేను చూస్త," అన్నాను.

నా ముక్కు మీద నాకు అంత నమ్మకం. మాది ఇటిక్యాల దగ్గర పల్లె. మా నాయన మూట విప్పకుండానే లోపల విత్తనం ముక్కిందో లేదో చెప్పేవాడు. ఆ ముక్కు అన్నకు రాలేదు, నాకొచ్చింది. పాలు విరగబోతున్నాయని అందరికంటే ముందు నాకే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున నాలుగు స్టీలు గ్లాసులు తీసి, సుద్దముక్కతో అంకెలు వేశాను. ఒకటి వంటింటి నల్లా నీళ్లు, రెండోది స్నానాల గదివి, మూడోది పెరట్లోవి. నాలుగోదాని కోసం మోటారు వేసి, మిద్దె ఎక్కి, ఎండకు ట్యాంకు చుట్టూ కట్టిన తడి గోనెసంచులు పక్కకు జరిపి, బోరు నుంచి ట్యాంకులో పడే ధారనే పట్టాను. అన్నీ తీసుకెళ్లి ఎదురింటి అరుగు మీద పెట్టాను. మా వంటింటి తూము కూడా ఒక్కోసారి కంపు కొడుతుంది. అక్కడే నిలబడి చూస్తే కంపు తూముదో నీళ్లదో తేలదు. ఈ ఉపాయం నాకు ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది.

మూడు గ్లాసులూ కంపే. నాలుగోది మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. అంటే బోరు తప్పు లేదు. మూడు నల్లాలకూ ఒకే కంపు ఉందంటే ఏదో ఒక మూల పైపు తప్పు కూడా కాదు. తేడా అంతా ట్యాంకులోనే ఉంది. మా ఆయన నాలుగు గ్లాసులూ రెండుసార్లు వాసన చూసి దుకాణానికి వెళ్లిపోయాడు.

మా వీధిలో నల్లాలు బాగుచేసే పెద్దాయనను అందరం చాచా అంటాం. ఆయన వచ్చి సంచులు విప్పి పక్కన పడేసి, ట్యాంకు ఖాళీ చేసి, అడుగంతా తోమి, బ్లీచింగు వేసి కడిగాడు. మర్నాటికి నీళ్లు బాగయ్యాయి. ఆ మరుసటి రోజూ బాగున్నాయి. నేను కాలు నేల మీద ఆనకుండా తిరిగాను. ఫోను చేసి మరిదికి కూడా వినిపించాను. అత్తమ్మ మాత్రం, ఇంకొక్క రోజు చూసి కుండలు పెడతానంది.

మూడో రోజు పొద్దున నల్లా తిప్పగానే అదే కంపు. మా ఆయన బోరు వేసేవాళ్ల నంబరు నాకు వినపడేలా ఎవరినో అడిగాడు. అత్తమ్మ ఎండబెట్టిన కుండలను తీసుకెళ్లి అటక మీద పెట్టించబోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చాచాను మళ్లీ పిలిచాను. ఆయన తాపీగా బీడీ ఆర్పి, "పరేషాన్ గాకు బేటీ. రెండు దినాలు బాగుండె గదా. నేను పోయినంక ట్యాంకు కాడికి ఎవరు పోయిండ్రు?" అని అడిగాడు.

"ఇంకెవరు, నేనే. నిన్న మాపటికి సంచులు మల్ల కట్టొచ్చిన," అన్నాను. అన్నాక నా మాట నాకే వినపడింది.

ఎండాకాలంలో మా దగ్గర నల్లా నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి. అందుకని ట్యాంకుకు గోనెసంచులు చుట్టి తడుపుతుంటాం. నేను కట్టినవి మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న సంచులు. బర్రెలకు నానబెట్టి పెట్టే పత్తిగింజల చెక్క వాటిలోనే వస్తుంది. గాలికి లేచిపోకుండా పైఅంచులు ట్యాంకు మూత కిందికి దోపాను. రోజూ సాయంత్రం వాటిని తడిపి, కాసేపు అక్కడే కూర్చునేదాన్ని. ఎందుకో మనసుకు హాయిగా ఉండేది.

పరుగున మిద్దె ఎక్కి మూత ఎత్తాను. దోపిన అంచులు, దీపం వత్తి నూనె పీల్చినట్టు తడిని పీల్చుకున్నాయి. వాటి నుంచి బూడిద రంగు చుక్కలు ఒక్కొక్కటే ట్యాంకులోకి రాలుతున్నాయి. సంచికి ముక్కు ఆనించాను. ముందు నాకు కంపు తెలియలేదు. మా నాయన బర్రెల కొట్టం గుర్తొచ్చింది. పొద్దున్నే ఆయన చెక్క కలుపుతుంటే పక్కన నిలబడే రోజులు గుర్తొచ్చాయి. ఆయన పోయి నాలుగేళ్లయింది. మళ్లీ పీల్చాక గానీ తెలియలేదు, అది కుళ్లిన చెక్క అనీ, ఆటో డ్రైవరు ఉమ్మింది దాన్నేననీ. పాలు విరగడాన్ని పసిగట్టే నా ముక్కు, పుట్టింటి వాసనను మాత్రం కంపు కింద లెక్కవేయలేదు.

నిజం చెబుతాను, ఒక్క నిమిషం ఆలోచించాను. చాచా కిందే ఉన్నాడు. సంచులు పెంటకుప్పలో పడేసి, పాత మూత సరిగా పట్టలేదని ఏదో ఒకటి చెప్పేస్తే చాలు. కంపును పట్టుకున్న కోడలిగా ఊరంతా చెప్పుకునేది. కానీ కనుక్కున్నది నేనే, పాడుచేసిందీ నేనే. మొదటిది చెప్పుకుని రెండోది దాచడం నాకు చేతకాదు. ఒక సంచిని చంకన పెట్టుకుని దిగి, అత్తమ్మ ముందు వేసి, మొత్తం చెప్పాను. నాయన కొట్టం సంగతి కూడా చెప్పాను.

ఆమె సంచిని దగ్గరికి తీసుకుని వాసన చూసి, చటుక్కున ముక్కు మూసుకుంది. నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"నీ జాగల నేనుంటే సంచులు పారేసి నోరు మూసుకుంటుంటి, పిల్లా," అని పకపకా నవ్వింది.

చాచా ట్యాంకు మళ్లీ కడిగాడు. ఈసారి సంచులకు బదులు పచ్చ వల తెచ్చి, ట్యాంకుకు తగలకుండా పైన పందిరిలా కట్టించాను. నాలుగు రోజులు పొద్దున, మాపు నాలుగు గ్లాసులూ చూశాను. అయిదో రోజు అత్తమ్మ మూడు కుండలూ గేటు ముందు నిలబెట్టింది.

మొదట వచ్చింది కొల్లాపూర్ బస్సు దిగిన ఒక ముసలాయన. రెండు గ్లాసులు గటగటా తాగి, "నీళ్లు మంచిగున్నయమ్మా," అన్నాడు.

అత్తమ్మ నా వైపు చెయ్యి చూపించి, వీధంతా వినేలా, "పాడు చేసింది మా కోడలే, బాగు చేసింది మా కోడలే. దాసకుండ చెప్పింది సుత మా కోడలే!" అంది.

ముసలాయనకు ఏమీ అర్థం కాక మరో గ్లాసు ముంచుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను నలుగురి ముందు మెచ్చుకోవడం అదే మొదటిసారి. సిగ్గుపడాల్సిన మాట కూడా అందులో ఉంది కదా అనుకుంటూనే, గేటు పట్టుకుని తల ఎత్తుకుని నిలబడ్డాను.